అల్పాకా ఊలుతో కలర్‌వర్క్ స్వెటర్ అల్లొచ్చా? అల్లొచ్చు, కొలత మాత్రం వేలాడదీశాక తీసుకోండి

అల్పాకా, అంటే దక్షిణ అమెరికాలో పెంచే ఒంటె జాతి జంతువు, దాని ఊలుతో కలర్‌వర్క్ స్వెటర్ (ఒకే వరుసలో రెండు రంగుల దారాలతో డిజైన్ వేసేది) అల్లడం మానేయాలా అని అడిగారు. మానేయకండి. మీ ప్రశ్నలో సగం భయం దారం గురించి, సగం ప్యాటర్న్ గురించి. దారాన్ని అలాగే ఉంచి ప్యాటర్న్‌ని మార్చుకుంటే మంచి స్వెటర్ వస్తుంది.

మీరు రాసింది నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో ముందు చూసుకోండి. దారం నూటికి నూరు శాతం అల్పాకా, 50 గ్రాముల ఉండకు 167 మీటర్లు, లేబుల్ మీద లైట్‌వెయిట్ అని ఉంది. ఒంటికి లేత గోధుమ రంగు, డిజైన్‌కి ఇంకో నాలుగు రంగులు తీసుకున్నారు. ప్యాటర్న్ షెట్లాండ్ (స్కాట్లాండ్‌కి ఉత్తరాన ఉన్న దీవులు) గొర్రె ఊలుకు రాసింది, 10 సెంటీమీటర్లకు 28 కుట్లు, పైనుంచి కిందదాకా ఒళ్లంతా రంగులే. నమూనా ముక్క అల్లితే 28 కుట్లూ కరెక్టుగా వచ్చాయి కానీ లాగితే రబ్బరులా సాగుతోంది, ఉతికి ఆరేస్తే జారిపోయినట్టు వదులైంది. ఒకే వరుసలో రెండు రంగులు నడపడం ఇదే మొదటిసారి, కెనడాలోని ఎడ్మంటన్ చలికి వేసుకోవాలి. ఇంతే కదా.

నేను ఉండేది స్కాట్లాండ్‌లోని ఎబర్డీన్‌లో. ఇక్కణ్ణుంచి రాత్రి పడవెక్కితే పొద్దున్నకి షెట్లాండ్‌లోని లెర్విక్‌లో దిగుతాం, కాబట్టి ఆ ఊలుతోనూ, అల్పాకాతోనూ 18 ఏళ్లుగా అల్లుతున్నాను. రెండిటికీ తేడా ఎక్కడుందో చేతికి తెలిసిన సంగతి చెబుతాను.

సాగడం అనే మాటలో రెండు వేరు వేరు గుణాలున్నాయి. లాగితే సాగి, వదిలేస్తే మళ్లీ ముడుచుకునేది ఒకటి. లాగితే సాగి, సాగినచోటే ఉండిపోయేది ఇంకొకటి. గొర్రె ఊలుది మొదటిది, పోగులోనే సన్న సన్న వంకీలుంటాయి కాబట్టి వదిలేయగానే వెనక్కి వస్తుంది. అల్పాకాకి ఆ వంకీలు తక్కువ. పోగు మీద పొలుసులు కూడా గొర్రె ఊలులో లేచినంతగా లేవవు, అందుకే పట్టుకుంటే పట్టులా జారుతుంది. మన తెలంగాణ గొంగడి ఎప్పుడైనా చేత్తో నిమిరి ఉంటే గుర్తు తెచ్చుకోండి, గరగరలాడుతూ ఒక పోగు ఇంకో పోగుని వదలకుండా పట్టుకుని ఉంటుంది. షెట్లాండ్ ఊలు గొంగడికన్నా చాలా మెత్తనే కానీ స్వభావం అదే, కుట్టు పక్క కుట్టుని పట్టుకుంటుంది. అల్పాకా కుట్టు పక్క కుట్టుని పట్టుకోదు, బరువు ఎటు లాగితే అటు జరుగుతుంది. మీ ముక్క చేతిలో రబ్బరులా సాగింది అన్నారు కదా, సాగడం చూశారు, వదిలేశాక ఎంత వెనక్కి వచ్చిందో కొలిచారా? అసలు కొలవాల్సింది అది.

ఇక లైట్‌వెయిట్ అన్న మాట. అది దారం సన్నదనం గురించి చెప్పేది, స్వెటర్ బరువు గురించి కాదు. షెట్లాండ్‌లో ఇలాంటి స్వెటర్లకి వాడే రెండు పేటల ఊలు 25 గ్రాములకు 105 నుంచి 115 మీటర్లు వస్తుంది, అంటే 50 గ్రాములకు 210 పైనే. మీది 167. స్వెటర్‌కి 1400 మీటర్లు పట్టిందనుకోండి, షెట్లాండ్ ఊలుతో 300 నుంచి 335 గ్రాములు, మీ అల్పాకాతో దాదాపు 420 గ్రాములు. అంటే అదే స్వెటర్ వంద గ్రాములు బరువెక్కువ, పైగా ఆ బరువుని మోయాల్సిన కుట్లు జారే కుట్లు. ఒళ్లంతా రెండు రంగులంటే బట్ట వెనకాల ఇంకో పొర దారం నడుస్తూనే ఉంటుంది కాబట్టి 1400 మీటర్లు కూడా చాలవు.

నాకిది ఎలా తెలిసిందంటే, 2013లో మా నాన్నగారు మొదటిసారి చలికాలంలో ఇక్కడికి వస్తున్నారని ఒళ్లంతా డిజైన్‌తో, స్వచ్ఛమైన అల్పాకాతో ఒక స్వెటర్ అల్లాను. ముక్క అల్లాను, ఉతికాను, కొలిచాను, అన్నీ పుస్తకంలో చెప్పినట్టే చేశాను. అల్లడం పూర్తయ్యేసరికి భుజం నుంచి అంచుదాకా 66 సెంటీమీటర్లు. ఆయన డిసెంబర్‌లో వేసుకోవడం మొదలుపెట్టారు, ఫిబ్రవరిలో ఉతకబోతూ కొలిస్తే 74 వచ్చింది. చేతులు వేళ్ల మీదకి దిగితే నాన్నగారు ఏమీ అనకుండా రెండు మడతలు పెట్టుకుని తిరిగారు. ఆ మడతలు చూసినప్పుడల్లా మనసు చివుక్కుమనేది. తప్పు ఎక్కడుందో వెతుక్కుంటే, నేను కొలిచింది బల్ల మీద పడుకోబెట్టిన ముక్కని, ఆయన వేసుకున్నది ఒంటి మీద వేలాడే స్వెటర్‌ని.

కాబట్టి మీరు చేయాల్సిన మొదటి పని ఇది. కనీసం 50 కుట్లు, 60 వరుసలు ఉండేలా ఇంకో ముక్క అల్లండి. స్వెటర్ గుండ్రంగా అల్లుతారు కాబట్టి ముక్క కూడా ఒకే వైపు నుంచి అల్లాలి, వెనక్కి తిప్పి పర్ల్ (ఉల్టా కుట్టు) చేస్తే బిగువు మారిపోతుంది. వరుస అయ్యాక సర్క్యులర్ సూది (రెండు కొనల మధ్య తీగ ఉండే సూది) రెండో కొనకి కుట్లు జరుపుకుని, దారాన్ని వెనకాల వదులుగా వదిలి మళ్లీ మొదటి నుంచి నిట్ (మామూలు సూటి కుట్టు) చేసుకుంటూ పోండి. గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, తువ్వాల్లో చుట్టి నొక్కి, ఆరబెట్టి కొలవండి. తర్వాత పై అంచుని క్లిప్పులతో ఒక కర్రకి తగిలించి, కింది అంచుకి బరువు కట్టండి. ఎంత బరువు అంటే, స్వెటర్ ఒంటి భాగం 250 గ్రాములు, చుట్టుకొలత 100 సెంటీమీటర్లు అనుకుంటే, 50 కుట్ల ముక్క 18 సెంటీమీటర్లు కాబట్టి దాని వంతుకి 45 గ్రాములు. ఇంచుమించు మీ ఊలు ఉండ ఒకటి. ఆ ఉండనే సంచిలో వేసి అంచు పొడుగునా నాలుగైదు చోట్ల పట్టేలా తగిలించండి. రెండు రోజులు అలా ఉంచి, బరువు ఉండగానే కొలవండి.

నా దగ్గర ఇదే మందం దారంతో అల్లిన ముక్కలో బల్ల మీద 10 సెంటీమీటర్లకు 36 వరుసలు, వేలాడదీశాక 33. మూడు వరుసలే కదా అనిపిస్తుంది. చంక కింద నుంచి అంచుదాకా 40 సెంటీమీటర్లు కావాలంటే 36 లెక్కన 144 వరుసలు, 33 లెక్కన 132. మీరు 144 అల్లితే వేసుకున్నాక అది 43.6 సెంటీమీటర్లు అవుతుంది. చేతులు 45 సెంటీమీటర్లు అనుకుని 162 వరుసలు అల్లితే 49 అవుతాయి. పొడవు పెరిగినకొద్దీ వెడల్పు కాస్త తగ్గుతుంది కూడా, దాన్నీ రాసుకోండి. కుట్ల లెక్క సరిగ్గా వచ్చిందని చాలామంది అక్కడితో ఆగిపోతారు, అల్పాకాతో మిమ్మల్ని ముంచేది వరుసల లెక్క.

ముక్క మరీ వదులుగా ఉంటే సూది సైజు దించండి. 28 కుట్లు షెట్లాండ్ ఊలుకి సరిపోతాయి, ఎందుకంటే ఉతికాక ఆ ఊలు ఉబ్బి ఖాళీలు నింపేస్తుంది. మీ అల్పాకాకి 29 లేదా 30 కుట్ల దగ్గర బట్ట కుదురుగా నిలబడుతుందని నా అంచనా. 3 మిల్లీమీటర్ల సూది వాడి ఉంటే 2.5తో ఒకసారి చూడండి. రెండు రంగుల భాగం మామూలుగానే బిగుసుకుంటుంది కాబట్టి అక్కడికి వచ్చేసరికి పావు మిల్లీమీటరో అర మిల్లీమీటరో పెద్ద సూదికి మారాలి. సూదులు చెక్కవో వెదురువో తీసుకోండి, స్టీలు సూది మీద అల్పాకా నీళ్లలా జారుతుంది, చేతుల్లోంచి కుట్లు రాలిపోతుంటే మొదటిసారి అల్లేవాళ్లకి టెన్షన్ తప్ప ఇంకేం మిగలదు.

ఇప్పుడు అసలు మార్పు. ఒళ్లంతా డిజైన్ వద్దు. రంగులన్నీ యోక్‌లో పెట్టండి, అంటే మెడ చుట్టూ భుజాల మీదుగా వచ్చే గుండ్రటి భాగంలో, మిగతా ఒళ్లూ చేతులూ ఒకటే గోధుమ రంగు. ఇది అందం కోసం చెప్పడం లేదు. రెండు రంగులు అల్లినప్పుడు వాడని రంగు దారం వెనకాల అడ్డంగా నడుస్తుంది, ఆ అడ్డ దారాలు బట్టని పక్కలకి సాగనివ్వవు. యోక్ చుట్టూ అవి బెల్టులా పనిచేస్తాయి, మెడ వెడల్పై భుజాల మీంచి స్వెటర్ జారిపోకుండా పట్టుకుంటాయి. నిలువుగా సాగడాన్ని మాత్రం అవి ఆపలేవు, అందుకని ఒంటి భాగంలో వాటిని పెడితే సాయం తక్కువ, బరువెక్కువ. బరువు మోసే చోట రంగులు, బరువు వేలాడే చోట ఒకే పొర. ఐస్‌లాండ్‌లో లోపపేసా అని పిలిచే స్వెటర్ల ఆకారం ఇదే, మీకు ఆ తరహా యోక్ ప్యాటర్న్‌లు బోలెడు దొరుకుతాయి. ఇంకో లాభం, అల్పాకా వేడి ఎక్కువ, ఒళ్లంతా రెండు పొరలైతే బయట సుఖంగానే ఉంటుంది కానీ హీటింగ్ ఉన్న ఇంట్లోకి రాగానే విప్పేయాల్సి వస్తుంది.

అల్పాకా మీద నూగు వల్ల డిజైన్ మసకబారుతుందని కూడా బాధపడ్డారు. ఆ నూగుని శత్రువులా చూడకండి. స్వీడన్‌లో బూహుస్‌లేన్ అనే ప్రాంతంలో రాళ్లు కొట్టే పనులు పోయి కుటుంబాలు ఇబ్బందుల్లో పడ్డప్పుడు, ఆడవాళ్లకి ఆదాయం రావాలని ఎమ్మా జాకబ్సన్ మొదలుపెట్టిన బూహుస్ స్టిక్‌నింగ్ అనే అల్లిక సంస్థ 1939 నుంచి 1969 దాకా నడిచింది. వాళ్ల పేరు పొందిన యోక్ స్వెటర్లకి అంగోరా కుందేలు బొచ్చు కలిపిన ఊలు వాడారు, కావాలనే. మధ్యమధ్యలో బట్ట ముందువైపున పర్ల్ కుట్లు వేసి, రంగులు ఒకదాన్లోకి ఒకటి కరిగినట్టు కనిపించేలా చేశారు. అంటే నూగున్న దారంతో గీత గీసినట్టుండే చిన్న చిన్న బొమ్మలు ఎంచుకోకూడదు, పెద్ద ఆకారాలు, దగ్గరి రంగులు మెల్లగా మారే పట్టీలు ఎంచుకోవాలి. ఒక కుట్టు వెడల్పు గీతలు మీ దారంతో రెండు ఉతుకుల్లో కలిసిపోతాయి.

రంగుల్లో చూడాల్సింది ముదురు, లేత తేడా. ఐదు ఉండలూ పక్కపక్కన పెట్టి ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ ఫొటో తీయండి. రెండు ఒకేలా బూడిదగా కనిపిస్తే అవి ఒకే వరుసలో కలిసి నడవకూడదు. ఎరుపు, ముదురు నీలం లాంటివి ఉంటే తడి చేసిన తెల్ల గుడ్డలో ఒక జానెడు దారం పెట్టి గంటసేపు వదిలేయండి, రంగు అంటితే ఆ ఉండని ముందే విడిగా ఉతుక్కోవాలి. యోక్ పూర్తయ్యాక గోధుమ రంగంతా గులాబీ అయితే చేయగలిగింది ఏమీ ఉండదు.

రెండు దారాలు పట్టుకోవడం గురించి. ఏ దారం కింది నుంచి వస్తుందో ఆ రంగు కుట్లు కాస్త పెద్దగా, ముందుకి కనిపిస్తాయి. రెండు చేతులతో అల్లేటప్పుడు సాధారణంగా ఎడమ చేతిలోది కింది నుంచి వస్తుంది. డిజైన్ రంగుని ఎప్పుడూ ఎడమ చేతిలోనే ఉంచండి, వరుస మధ్యలో గానీ మర్నాడు మళ్లీ చేతికి తీసుకున్నప్పుడు గానీ మార్చకండి. మారిన వరుస దూరం నుంచి కూడా తెలిసిపోతుంది.

వెనకాల దారం బిగువు చేతికి రావడమే దీంట్లో కష్టం. నేను నేర్పేటప్పుడు ఇలా చెబుతాను. ఎరుపుతో ఐదు కుట్లు అల్లారు, ఇప్పుడు గోధుమకి మారాలి. మారేముందు ఒక్క క్షణం ఆగి, కుడి సూది మీద ఉన్న ఆ ఐదు కుట్లనీ బొటనవేలితో వెనక్కి పరచండి, సూది మీద ఎంత వెడల్పు పడుకోవాలో అంత. అప్పుడు గోధుమ దారాన్ని లాగకుండా, తీగ మీద బట్ట ఆరేసినట్టు వెనకాల అలా వాలనిచ్చి ఆరో కుట్టు అల్లండి. వెనక్కి తిప్పి చూస్తే ఆ దారం ముక్క తిన్నగా ఉండాలి, వంపు తిరిగి వేలాడకూడదు, బట్టని గుంజకూడదు. గుంజితే ముందువైపు ముడతలు పడతాయి, ఉతికినా పోవు. షెట్లాండ్ ఊలైతే వెనక దారాలు కొన్ని ఉతుకులకి బట్టకి అంటుకుపోతాయి, అల్పాకాలో అలా త్వరగా అంటుకోవు, వేసుకునేటప్పుడు ఉంగరానికి తగులుకుంటాయి. అందుకని ఐదు కుట్లు దాటితే మధ్యలో ఒకసారి మెలేసి పట్టించండి, కానీ పై వరుసలో మళ్లీ అదే కుట్టు దగ్గర పట్టించకండి, నిలువు గీతలా ముందుకి కనిపిస్తుంది. అసలు ఐదుకన్నా పెద్ద గ్యాప్‌లు లేని డిజైన్ ఎంచుకుంటే మొదటిసారికి హాయి.

బిగువు ఎంతకీ కుదరకపోతే బట్టని లోపలివైపు బయటికి తిప్పి, అవతలి అంచున అల్లి చూడండి, వెనక దారం బయటి వంపు మీదుగా నడుస్తుంది కాబట్టి దానంతటదే కాస్త పొడుగొస్తుంది. ఆండీస్ కొండల్లో అల్పాకా పుట్టిన దేశాల్లో అల్లేవాళ్లు దారాన్ని మెడ చుట్టూ వేసుకుని, లోపలివైపుని తమకి ఎదురుగా పెట్టుకుని పర్ల్ చేస్తూ అల్లుతారు, వెనక దారాలన్నీ కళ్లెదుటే ఉంటాయి. పెరూలో టిటికాకా సరస్సులోని తకీలే దీవిలో ఈ అల్లిక మగవాళ్ల పని, వాళ్ల టోపీలు చాలా సన్నటి సూదులతో గట్టిగా, నీళ్లు కూడా ఆగేటంత బిగువుగా ఉంటాయి. ఆ దీవి నేత, అల్లిక కళని 2005లో యునెస్కో గుర్తించింది. జారే దారంతో బిగువు రావాలంటే సన్న సూది తప్పదన్న సంగతి నాకు ఆ టోపీలు చూశాకే మనసుకెక్కింది.

యోక్‌లో ప్రతి 10 వరుసలకి ఒకసారి కుట్లన్నిటి గుండా ఒక నూలు దారం వేరే రంగుది దూర్చి వదిలేయండి. తప్పు పడితే అక్కడిదాకా ధైర్యంగా విప్పుకోవచ్చు. అల్పాకాలో సూది నుంచి జారిన కుట్టు నిమిషంలో నాలుగు వరుసలు కిందికి పరుగెడుతుంది.

మెడ దగ్గర ఇంకో జాగ్రత్త. మొత్తం బరువు అక్కడే వేలాడుతుంది. మెడపట్టీ రెట్టింపు పొడవు అల్లి లోపలికి మడిచి కుట్టండి, దాని మొదట్లో లోపలివైపు క్రోషియాతో ఒక వరుస గొలుసు కుట్టు బిగించండి. గొలుసు సాగదు కాబట్టి మెడ అక్కడే ఆగుతుంది. తల పడుతుందో లేదో మాత్రం ముందే చూసుకోండి. మా అమ్మమ్మ వాళ్లది నరసాపురం వైపు, లేసు అల్లే ఇల్లు, క్రోషియా నాకు అక్కడే అబ్బింది. మీకు రాకపోయినా ఈ ఒక్క గొలుసు పావుగంటలో నేర్చుకోవచ్చు. కింది అంచు, మణికట్టు రిబ్‌లకి (నిట్, పర్ల్ మార్చి మార్చి అల్లే సాగే పట్టీలకి) ఒంటి కుట్లలో పదో వంతు తగ్గించి, ఇంకా సన్నటి సూదితో అల్లండి, నిట్ కుట్టుని వెనక నుంచి మెలేస్తే ఇంకాస్త బిగువొస్తుంది. అయినా అల్పాకా రిబ్ గొర్రె ఊలు రిబ్‌లా మణికట్టుని పట్టుకుని ఉంటుందని ఆశ పెట్టుకోకండి.

ముందు తెరుచుకునే కార్డిగన్ చేద్దామని గానీ అనుకుంటే, గుండ్రంగా అల్లి మధ్యలో కత్తిరించే పద్ధతి, స్టీక్ అంటారు, ఈ దారంతో వద్దు. షెట్లాండ్ ఊలులో కత్తిరించిన అంచు అలాగే నిలబడుతుంది, ఇక్కడ కుట్లు ఊడి వచ్చేస్తాయి. తప్పదంటే కత్తెర పెట్టేముందు రెండు పక్కలా మిషన్‌తో రెండేసి వరుసలు కుట్టి తీరాలి.

ఉండలు ఇంకా విప్పకుండా ఉండి, షాపువాళ్లు మార్చిస్తామంటే రెండు దారులున్నాయి. గొర్రె ఊలు 65 శాతం, అల్పాకా 35 శాతం కలిపిన దారాలు దొరుకుతాయి, ఒళ్లంతా డిజైనే కావాలని మీ మనసు పట్టుబడితే అది తీసుకోండి, నేనూ అదే చేస్తాను. రెండోది, సన్నటి నైలాన్ జాలీ గొట్టంలోకి అల్పాకా పోగులు ఊది నింపిన దారం. నాడాలా అల్లి ఉంటుంది, సాగి నిజంగానే వెనక్కి వస్తుంది, లావుగా కనిపించినా తేలిక. 50 గ్రాములకు 150 మీటర్ల చొప్పున వచ్చే రకంతో 5 మిల్లీమీటర్ల సూది మీద పెద్దవాళ్ల స్వెటర్ 300 నుంచి 350 గ్రాముల్లో అయిపోతుంది. దాని మీద కుట్లు పెద్దవి, నూగు ఎక్కువ, కాబట్టి పెద్ద పెద్ద పూలు, మందపాటి పట్టీలు తప్ప సన్న పని కుదరదు. మీరు వేసిన డిజైన్‌కి అది పనికిరాదు.

అయ్యాక ఎప్పుడూ హ్యాంగర్‌కి తగిలించకండి. ఉతికేటప్పుడు నీళ్లలోంచి భుజాలు పట్టుకుని ఎత్తకండి, తడి అల్పాకా తన బరువుకి తానే సాగిపోతుంది. రెండు చేతులూ కింద పెట్టి చంటిపిల్లని ఎత్తినట్టు మొత్తం ఒకేసారి ఎత్తి తువ్వాల్లోకి మార్చండి, పరుపు మీద కొలతకి సర్ది ఆరనివ్వండి. ఆరాక మడతపెట్టే ఉంచాలి.

ముందు ఆ ముక్కని రెండు రోజులు వేలాడదీయండి. వరుసల లెక్క బల్ల మీద ఎంత, బరువుతో ఎంత అన్నది రెండూ రాసి, మీ ఛాతీ చుట్టుకొలత కూడా చెప్పండి, చంక దగ్గర ఎన్ని కుట్లతో యోక్ మొదలుపెట్టాలో, ఏ వరుసల్లో తగ్గించాలో లెక్కేసి ఇస్తాను.